ఊరంతటికి ఒక్క నవల

ఇప్పటికి పాతికేండ్లు దాటినది. 1998లో అమెరికా దేశపు వాయవ్య మూలనున్న సియాటిల్ నగరములో అక్కడి ప్రజాగ్రంథాలయమువారు తమ పురజనుల ముందు ఒక ప్రశ్న నుంచిరి. సియాటిల్‌వారందరును ఒకే పుస్తకము చదివినచో ఎట్లుండును? ప్రశ్న ఇంతమాత్రమే. వారు తలపెట్టిన కార్యక్రమమునకు పేరు కూడ ఈ ప్రశ్నయే.

వినగానే ఎవరికైనను ఒక సందేహము కలుగును. నాకును కలిగెను. ప్రజాగ్రంథాలయమనగా ఎవరికి నచ్చిన పుస్తకమును వారు తీసికొనిపోవు చోటు గదా. వంటల పుస్తకము కావలసినవారికి వంటల పుస్తకము, వేదాంతము కావలసినవారికి వేదాంతము. లక్షల పుస్తకములను బీరువాలలో నింపుకొన్న సంస్థ లేచి, 'అందరును ఇది యొక్కటి చదువుడు' అనుట ఏమి న్యాయము? బడిలో పిల్లలకు ఉపవాచకమును నిర్ణయించినట్లు ఊరికి ఉపవాచకము నిర్ణయించుటయా?

ఆ యోచన చేసినది నాన్సీ పెర్ల్ అను గ్రంథపాలకురాలు. ఆమె అప్పుడు ఆ గ్రంథాలయములోనే నెలకొన్న వాషింగ్టన్ గ్రంథకేంద్రమునకు నిర్వాహకురాలు. ఈమెను గూర్చి రెండు మాటలు చెప్పిన తప్పులేదు. పుస్తకము నచ్చకున్నచో ఏబది పుటలు చదివి నిస్సంకోచముగా మూసివేయవచ్చునని పాఠకలోకమునకు అభయమిచ్చినది ఈమెయే. ఏబదియేండ్లు దాటినవారికి మరికొంత వెసులుబాటు కూడ కల్పించెను. నూరునుండి తమ వయస్సును తీసివేయగా మిగిలినన్ని పుటలు చదివిన చాలునట. డెబ్బదియేండ్ల పెద్దలకు ముప్పది పుటలతో విముక్తి. నాకింకను ఏబదియు తప్పవు. 2003లో సియాటిల్‌లోని ఒక వింతవస్తువుల దుకాణమువారు ఈమె రూపముతో ఒక చిన్న బొమ్మను చేసి అమ్మిరి. మీట నొక్కినచో బొమ్మ చేయి పైకెత్తి, పెదవులపై వేలుంచి, మాటాడవద్దని సైగ చేయును. వృత్తికి అవమానమని కొందరు గ్రంథపాలకులు కోపగించిరి. ఊరందరిచేతను మాటాడింపజూచిన మనిషి బొమ్మకు నోరు మూయించు సైగ పెట్టుట చూచి నాకు మాత్రము నవ్వు వచ్చెను.

ఏర్పాట్లు పెద్దవి కావు. ఒక ధర్మనిధివారు ద్రవ్యసహాయము చేసిరి. గ్రంథాలయమువారు ఎన్నుకొన్న పుస్తకపు ప్రతులను హెచ్చుగా తెప్పించిరి. ఇండ్లలో, పుస్తకపు దుకాణములలో, శాఖాగ్రంథాలయములలో గోష్ఠులు జరుపుకొనువారికై రచయితను గూర్చిన విషయములు, చర్చకు పనికివచ్చు కొన్ని ప్రశ్నలు కూర్చి యిచ్చిరి. రచయితను నగరమునకు ఆహ్వానించి పాఠకుల యెదుట కూర్చుండబెట్టిరి. ఇందులో పరీక్ష లేదు, బహుమానము లేదు. అసలు సంగతి అంతయు పుస్తకమును ఎన్నుకొనుటయందే ఉన్నది.

వారెన్నుకొన్నది రసెల్ బ్యాంక్స్ రచించిన 'ది స్వీట్ హియరాఫ్టర్' అను నవల. 1991లో వెలువడినది. ఈ నవలకు ప్రేరణ ఒక నిజమైన దుర్ఘటన. 1989 సెప్టెంబరులో టెక్సాస్ రాష్ట్రమున ఆల్టన్ అను ఊరివద్ద బడిపిల్లల బస్సును ఒక లారీ ఢీకొనగా, బస్సు నీరు నిండిన గోతిలో పడి 21 మంది విద్యార్థులు ప్రాణములు కోల్పోయిరి. కన్నీరు ఆరకమునుపే వకీళ్లు ఊరిలో దిగిరి. పరిహారపు వ్యాజ్యములు బయలుదేరినవి. బ్యాంక్స్ ఆ సంగతిని చాల దూరము తీసికొనిపోయి, న్యూయార్కు రాష్ట్రపు ఉత్తరమున అడిరాండాక్ కొండలలోని ఒక కల్పితగ్రామమున, మంచు కురియు ఒక శీతకాలపు ఉదయమున నిలిపెను. నవలలో మరణించు పిల్లలు 14 మంది.

కథను నలుగురు చెప్పుదురు. మొదట చెప్పునది బస్సు నడిపిన డొలోరెస్ డ్రిస్కాల్. ఎన్నో యేండ్లుగా ఆ పిల్లలను ఇంటింటి ముందు ఎక్కించుకొని బడికి చేర్చుచు వచ్చిన మనిషి. తరువాత బిల్లీ యాన్సెల్. భార్య పోయినవాడు, ఆ ఉదయమున తన కవలపిల్లలకు చేయి ఊపుచు బస్సు వెనుకనే బండి నడుపుకొని వచ్చుచు, కన్నులార సమస్తము చూచినవాడు. మూడవవాడు నగరమునుండి వచ్చిన వకీలు మిచెల్ స్టీవెన్స్. ఈయన ఊరివారి దుఃఖమును కోపముగా మార్చుటకు వచ్చినవాడు. కాని ధనాశాపరుడని తీసిపారవేయుటకును వీలులేదు. మత్తుమందులకు చిక్కిన కూతురొకతె ఆయనకును కలదు, ఆయనయు బిడ్డను పోగొట్టుకొనుచున్న తండ్రియే. నాలుగవది నికోల్ బర్నెల్, పదునాలుగేండ్ల బాలిక. ప్రాణముతో బయటపడెను గాని నడుములు పడిపోయి చక్రముల కుర్చీకి అంటుకొనిపోయెను. ప్రమాదమునకు ముందునుండియు తండ్రివలన చెప్పరాని అన్యాయమునకు గురియైన పిల్ల. ఆ తండ్రియే ఇప్పుడు పరిహారపు సొమ్ముకై ఆశపడుచున్నాడు. సాక్ష్యము చెప్పవలసిన దినమున ఆ బాలిక, డొలోరెస్ బస్సును మితిమీరిన వేగముతో నడిపెనని ఒక అబద్ధమాడును. తప్పు డ్రైవరుదేయైన పక్షమున ఇక పెద్ద పరిహారము ఇచ్చుకొనగల ప్రతివాది ఎవ్వడును మిగులడు. వ్యాజ్యము కూలిపోవును. తండ్రి ఆశ కూలిపోవును. ఊరు చీలిపోకుండ నిలుచును. దానికి మూల్యముగా నిరపరాధిని యగు ఒక స్త్రీ ఊరందరి దృష్టిలో దోషియై మిగులును. చివరి అధ్యాయము మరల ఆ డొలోరెస్‌దే.

ఎవరిది ధర్మము? రచయిత తీర్పు చెప్పడు. ఆ నవలను ఎన్నుకొనుటలోని తెలివియంతయు ఇందులోనే ఉన్నదని నా అభిప్రాయము. అందరును మెచ్చుకొని, కన్నుల నీరు తుడుచుకొని, పక్కన పెట్టగల పుస్తకము కాదది. చదివి ముగించిన ఇద్దరు మనుష్యులు ఎదురుపడినచో వాదించుకొనక తీరదు.

దీనికి నాకొక చిన్న నిదర్శనము దొరికినది. ఈ ప్రసంగము సిద్ధము చేసికొనుచు, నా దగ్గరనున్న ప్రతిని మా కార్యాలయములోని ఇద్దరికిచ్చితిని. ఒకరు నాకంటె పెద్దవారు, ఉద్యోగవిరమణకు దగ్గరపడినవారు. రెండవవారు ఇటీవలనే చేరిన ఒక సోదరి. ఒకరి తరువాత ఒకరు చదివిరి. ఒక మధ్యాహ్నము భోజనము ముగించి డబ్బాలు మూయుచుండగా వాదము లేచెను. 'ఏమన్నా అనండి, అబద్ధమాడింది గదా ఆ పిల్ల' అనెను పెద్దాయన. 'ఆ ఇంట్లో నిజం చెప్పి ఎక్కడ బ్రతుకుతుందండీ?' అనెను ఆమె. 'మరి ఆ డ్రైవరమ్మ సంగతేమిటి? ఆవిడ ఏ పాపం చేసింది?' అనెను ఆయన. అరగంట గడిచినను తేలలేదు. ప్రకటనలు చదువుటకు వేళయై ఆమె లేచి వెళ్లెను. ఆ సంభాషణ ఆ తరువాత ఎచ్చటికి పోయినదో చివర మనవి చేసెదను.

ఒకరు చదువగా పదిమంది కూడుట మనకు కొత్త విషయము కాదు. రామాలయపు అరుగుమీద పురాణకాలక్షేపము జరుగుచుండిన దినములలో ఊరంతటికి ఒక్క గ్రంథమే. భాగవతము ఎత్తుకొన్న ఏడు ఊరందరి నోటను భాగవతమే. ఇక గ్రంథాలయము ప్రజలను వెదకుకొనుచు పోవలెనను తలంపు కూడ మనవారికి కలిగినదే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారు స్థాపించిరి. 1935లో పాతూరి నాగభూషణంగారు పుస్తకములను పడవకెత్తి కాలువగట్ల ఊళ్లకు పంపిరి. అయితే పురాణశ్రవణమునకును సియాటిల్‌వారి పనికిని ఒక భేదము కలదు. పురాణము వినువారందరికి కథ ముందే తెలియును. పౌరాణికుడు అర్థము చెప్పును. శ్రోతలు తల ఊపుదురు. నవల అట్టిది కాదు. అది ఏకాంతమునకు పుట్టిన ప్రక్రియ. తలుపు మూసికొని, దీపము దగ్గరకు లాగుకొని, ఇంటిలోనివారికి కూడ తెలియకుండ ఒక్కరే చదువుకొనునది. అట్టి ఏకాంతపు వస్తువును తెచ్చి చావడిలో పెట్టవచ్చునా?

పెట్టరాదని వాదించినవారును కలరు. వారిలో పేరు పొందినవాడు యేల్ విశ్వవిద్యాలయమున సాహిత్యాచార్యుడుగా నుండిన హెరాల్డ్ బ్లూమ్. ఈయన 2019లో మరణించెను. ఊరంతయు ఒక్కసారిగా ఒకే పుస్తకము చదువుట, ఊరంతయు ఒక్కసారిగా బయలుదేరి ఒకే అంగడి తిండి తినుట వంటిదని ఆయన ఎత్తిపొడిచెను. ఈ మాటలో సగము నిజమున్నది. చదువుట ఎన్నటికిని గుంపుపని కానేరదు. కాని సియాటిల్‌లో గుంపుగా చదువుమని ఎవ్వరిని అడుగలేదు. ఎవరియింట వారు, ఎవరి తీరికనుబట్టి వారు చదివిరి. కూడుట ఆ తరువాతి మాట. బ్లూమ్‌గారు పాఠకుని ఏకాంతమును కాపాడబూని, పాఠకునికి పొరుగువాడొకడు ఉండునన్న సంగతి మరచినట్లు తోచును.

సియాటిల్ కార్యక్రమము చూచి ఇతర నగరములు అందుకొనినవి. అందరికిని తెలిసినది షికాగో. 2001 ఆగస్టులో ఆ నగరపు మేయరు రిచర్డ్ డేలీ, గ్రంథాలయాధికారిణి మేరీ డెంప్సీ కలసి, హార్పర్ లీ 1960లో ప్రకటించిన 'టు కిల్ ఎ మాకింగ్ బర్డ్' నవలను నగరమునకెల్ల చేతికిచ్చిరి. అలబామా రాష్ట్రములో, చేయని నేరము మోపబడిన టామ్ రాబిన్సన్ అను నల్లజాతివాని పక్షమున అట్టికస్ ఫించ్ అను తెల్లవకీలు వాదించును. నిర్దోషి యని తెలిసియు జూరీ శిక్ష వేయును. షికాగోలో వకీళ్లు ఆ విచారణను మరల నడిపి చూపిరి. పాఠకులు కోటునకు గుచ్చుకొనుటకు ఆ పక్షి బొమ్మగల చిన్న పిన్నులు పంచిపెట్టిరి. రైలులో ఎదుటనున్న అపరిచితుని కోటుమీద ఆ పిన్ను కనబడినచో 'ఎంతవరకు చదివితిరి?' అని అడుగవచ్చును. అమెరికావంటి దేశమున, అందులోను తెల్లవారి పేటలు, నల్లవారి పేటలు వేరువేరుగా పెరిగిన షికాగోవంటి నగరమున, అపరిచితుని పలకరించుటకు ఒక సాకు దొరకుట చిన్న సంగతి కాదు. కార్యక్రమము నడుమనే సెప్టెంబరు 11 వచ్చిపడినది.

అయినను పుస్తకము మాట వచ్చినచో నేను సియాటిల్‌వారి పక్షమే. షికాగోవారు ఎన్నుకొన్నది అమెరికాలో లెక్కలేనంతమంది బడిలోనే చదివిన నవల. న్యాయము ఎవరివైపున ఉన్నదో మొదటినుండియు స్పష్టము. పైగా ఆ నవలలో టామ్ రాబిన్సన్ తన కథను తాను చెప్పుకొను అవకాశము బహుస్వల్పమని, మంచితనమంతయు తెల్లవకీలుకే దక్కినదని ఇటీవలి విమర్శకులు అనేకులు ఆక్షేపించిరి. ఆక్షేపణ సబబైనదే. కాని ఇట్టి ఆక్షేపణ కూడ నలుగురు చదివినప్పుడే బయటపడును.

ఇక న్యూయార్కు కథ వినదగినది. 2002లో అక్కడి గ్రంథపాలకులు, పుస్తకవిక్రేతలు మొదలగువారు ఒక సంఘముగా కూడి ఒకే పుస్తకమును నిర్ణయింపబూనిరి. ఎదుట నిలిచినవి ముఖ్యముగా రెండు. ఒకటి చాంగ్‌రే లీ రచించిన 'నేటివ్ స్పీకర్', కొరియానుండి వచ్చిన కుటుంబమున పుట్టిన ఒక యువకుని నవల. రెండవది జేమ్స్ మెక్‌బ్రైడ్ రచించిన 'ది కలర్ ఆఫ్ వాటర్', నల్లజాతి కుమారుడు యూదుకుటుంబమునుండి వచ్చిన తన తెల్లతల్లిని గూర్చి వ్రాసిన స్వీయకథ. రెండును మంచి పుస్తకములే. కాని ఇది ఒక వర్గమువారి మనస్సు నొప్పించునేమో, అది మరియొక వర్గమువారికి కోపము తెప్పించునేమో అని అనుమానములు బయలుదేరినవి. వాదములు పెరిగినవి. సంఘము చీలినది. పుస్తకముల విషయమున ఆ దేశమునకు రాజధానివంటి నగరము ఒక్క పుస్తకముమీద ఏకాభిప్రాయమునకు రాలేకపోయెను.

ఈ వార్త చదివి నవ్వినవారు చాలమంది. నాకు నవ్వు రాలేదు. ఆ పెద్దలు ఒక విషయమున పొరపడిరని మాత్రము తోచినది. ఎవ్వరి మనస్సును నొప్పింపని పుస్తకమును వెదకిరి. అట్టి పుస్తకము దొరకినను దానిని గూర్చి మాటాడుకొనుటకు ఏముండును? నాన్సీ పెర్ల్ కూడ ఇట్టి పనిని పౌరనీతి పాఠముగా మార్చవద్దని, సాహిత్యము జాతివైషమ్యములకు మందు కానక్కరలేదని, ఇది గ్రంథాలయపు కార్యక్రమమని హెచ్చరించెను. పుస్తకమును మంచిదని ఎన్నుకొనవలెను గాని ఊరికి చికిత్స చేయునని ఎన్నుకొనరాదు.

తరువాతి విస్తరణ త్వరగా చెప్పి ముగించెదను. కొద్ది సంవత్సరములలో ఈ పద్ధతి అమెరికా అంతటను వ్యాపించెను. 2004లో ఆ దేశపు జాతీయ కళానిధి ఒక నివేదిక ప్రకటించెను. సంవత్సరమునకు ఒక్క నవలయో, కథయో, కవితయో, నాటకమో చదివిన వయోజనులు 1982లో నూటికి 56.9 మంది ఉండగా 2002 నాటికి 46.7 మందికి తగ్గిరని అందులో తేలినది. దానితో కంగారుపడి 2006లో పది ఊళ్లలో ప్రయోగించి, 2007నుండి దేశవ్యాప్తముగా 'ది బిగ్ రీడ్' అను పేర ఇట్టి పఠనములకు సహాయము చేయనారంభించిరి. ఇంగ్లండులో బ్రిస్టల్ రేవుపట్టణము 2003లో 'ట్రెజర్ ఐలండ్' చేపట్టెను; ఆ నవలలోని ఓడ బయలుదేరునది ఆ రేవునుండియే.

రేడియోవానిగా కెనడా సంగతి విడువలేను. అక్కడ ఈ పనికి పూనుకొన్నది గ్రంథాలయము కాదు, ఆకాశవాణివంటి వారి జాతీయ ప్రసారసంస్థ. 2002లో ఐదుగురు ప్రముఖులను పిలిచి, ఒక్కొక్కరిచేత ఒక్కొక్క కెనడా పుస్తకము పక్షమున వాదింపజేసి, రోజున కొకదానిని తొలగించుచు, చివరకు మైకేల్ ఒండాట్జీ నవల 'ఇన్ ది స్కిన్ ఆఫ్ ఎ లయన్' ను నిలబెట్టిరి. వినుటకు రంజుగా నుండును. కాని పందెములో గెలిచిన పుస్తకమును జనులు కొందురు. ఓడిన నాలుగింటి గతి ఏమి? మైక్రోఫోను ముందు ఐదుగురు వాదించుట ఒకటి, భోజనపు డబ్బాల ముందు ఇద్దరు వాదించుట ఒకటి.

మా పెద్దాయన, ఆ సోదరి మాటకు వచ్చెదను. మరునాడు మధ్యాహ్నము కూడ ఆ వాదమే. మూడవనాడు ఆయన డొలోరెస్ మాట ఎత్తి, నడుమనే ఆగి, తన చిన్ననాట తమ యేటిలో పడవ మునిగిన సంగతి చెప్పెను. తిరునాళ్లకు పోవుచున్న జనము. కొందరు పోయిరి, వారిలో ఆయనతో బడికి వచ్చు పిల్లవాడొకడు. తప్పు పడవవానిదే యని ఊరు తీర్మానించినది. ఎక్కవద్దని అతడు మొత్తుకొనగా వినక ఎక్కినవారే ఆ మాట అనిరట. తన తండ్రియు వారిలో ఒకడట. ఆ పడవవాని గుమ్మము ఆ తరువాత ఊరివారెవ్వరును తొక్కలేదు. ఆయనతో కలసి నేను పదునెనిమిదేండ్లుగా పనిచేయుచున్నాను. ఈ మాట ఎన్నడును ఆయన నోట వినలేదు. ఆ సోదరి మారుమాటాడలేదు. నీళ్ల గ్లాసు ఆయనవైపు జరిపెను.

నిన్న సాయంకాలము ఆయన నన్ను మెట్లవద్ద ఆపి, ఊరికి ఫోను చేసితిననియు, పడవవాని కుమారుడు ఇంకను అక్కడనే ఉన్నాడనియు చెప్పెను. పుస్తకము ఆయన దగ్గరనే ఉన్నది. చివరి అధ్యాయము మరియొకమారు చదివి ఇచ్చెదననెను.